మురుగునీటి శుద్ధి పద్ధతులు, యంత్రాల ఎంపిక

నగరాల నుండి, పరిశ్రమల నుండి వెలువడే వాడిన నీటిని నదికో, చెరువుకో, పొలాలకో వదిలే ముందు అందులోని మాలిన్యాలను తొలగించడాన్ని మురుగునీటి శుద్ధి అంటారు. ఇందుకు పదుల సంఖ్యలో పద్ధతులు, వందల రకాల యంత్రాలు ఉన్నాయి. వీటిలో ఏ ఊరికి, ఏ కర్మాగారానికి ఏవి తగినవో నిర్ణయించడం ప్రజారోగ్య ఇంజనీరింగులో ఒక ముఖ్యమైన భాగం. అన్ని చోట్లకూ మేలైన యంత్రం అంటూ ఏదీ లేదు. వచ్చే నీటి స్వభావం, శుద్ధి అయిన నీరు చేరే చోటు, కేంద్రాన్ని ఏళ్ళ తరబడి నడిపే స్తోమత అనే మూడు అంశాలకూ సరిపడే పద్ధతే ఆ చోటికి మేలైనది.

ఈ ఎంపిక ఎంత ముఖ్యమో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెలువరించిన గణాంకాలు తెలుపుతాయి. వాటి ప్రకారం దేశంలోని పట్టణ ప్రాంతాలలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు వెలువడుతున్నది. (ఒక మిలియన్ అనగా పది లక్షలు. రోజుకు ఒక మిలియన్ లీటర్ల ప్రవాహాన్ని ఒక ఎం.ఎల్.డి. అంటారు.) స్థాపించిన శుద్ధి సామర్థ్యం 31,841 ఎం.ఎల్.డి. కాగా, వాస్తవంగా శుద్ధి అయినది 20,235 ఎం.ఎల్.డి. మాత్రమే. అనగా ప్రతి నూరు లీటర్లలో 28 లీటర్లే శుద్ధి అయ్యాయి. కట్టిన సామర్థ్యంలో కూడా మూడవ వంతుకు పైగా వాడకుండా మిగిలిపోయింది. కేంద్రాన్ని కట్టడం ఒక ఎత్తు, అది నడిచేలా కట్టడం మరొక ఎత్తు.

చరిత్ర

1858 వేసవిలో థేమ్స్ నది దుర్గంధం లండన్ నగరాన్ని, నది ఒడ్డునే ఉన్న పార్లమెంటును అతలాకుతలం చేసింది. ఆ తరువాత అక్కడ భారీ మురుగు కాలువల నిర్మాణం జరిగింది. అయితే అవి మురుగును నగరానికి దూరంగా తరలించాయే గాని శుద్ధి చేయలేదు. 19వ శతాబ్దం చివరలో రాళ్ళ పొరల మీద మురుగునీటిని చిలకరించి, రాళ్ళకు అంటుకొని పెరిగే సూక్ష్మజీవులచేత శుద్ధి చేయించే బిందు వడపోత పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ ఉత్తేజిత బురద పద్ధతిని ప్రకటించారు. వారికి మార్గదర్శి అయిన గిల్బర్ట్ ఫౌలర్ తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడుగా పనిచేశాడు. 1970లలో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో గాట్జె లెటింగా బృందం గాలి అవసరం లేని యు.ఎ.ఎస్.బి. పద్ధతిని అభివృద్ధి చేసింది. 1980ల చివరలో నార్వేలో ప్లాస్టిక్ బిళ్ళల పద్ధతి, జపానులో నీట ముంచిన పొరల పద్ధతి రూపుదిద్దుకున్నాయి.

మురుగునీటి కొలతలు

ఎంపికకు మొదటి ఆధారం ప్రయోగశాల పరీక్ష. ఈ క్రింది కొలతలు ముఖ్యమైనవి.

* బి.ఓ.డి. (జీవరసాయన ఆమ్లజని అవసరం): నీటిలోని సేంద్రియ మాలిన్యాన్ని తినివేయడానికి సూక్ష్మజీవులు వాడుకొనే ఆమ్లజని పరిమాణం. భారతదేశంలో దీనిని 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 రోజుల పరీక్షతో కొలుస్తారు. గృహాల మురుగునీటిలో ఇది సాధారణంగా లీటరుకు 200 నుండి 300 మిల్లీగ్రాములు ఉంటుంది.
* సి.ఓ.డి. (రసాయనిక ఆమ్లజని అవసరం): మాలిన్యాన్ని రసాయనాలతో ఆక్సీకరణం చేయడానికి కావలసిన ఆమ్లజని. సూక్ష్మజీవులు తినలేని పదార్థాలు కూడా ఇందులో లెక్కకు వస్తాయి.
* నీటిలో వేలాడే ఘనపదార్థాలు: వీటిలో ఎక్కువ భాగం నీటిని నిలువ ఉంచితే అడుగుకు చేరుతుంది.
* టి.డి.ఎస్. (కరిగిన లవణాలు): ఇవి తేరుకోవు, సూక్ష్మజీవులు కూడా వీటిని తొలగించలేవు.
* నత్రజని, భాస్వరం: ఇవి చెరువులకు చేరితే గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి.
* మలసంబంధ కోలిఫారం: రోగకారక క్రిములు ఉండే అవకాశాన్ని తెలిపే బాక్టీరియాల సంఖ్య.

బి.ఓ.డి.ని సి.ఓ.డి.తో భాగించగా వచ్చే నిష్పత్తి ఎంపికలో మార్గదర్శకం. అది 0.5 ప్రాంతంలోగాని, అంతకు ఎక్కువగాగాని ఉంటే సూక్ష్మజీవుల పద్ధతులు బాగా పనిచేస్తాయి. 0.3 కంటే తక్కువగా ఉంటే సూక్ష్మజీవులకు కొరుకుడు పడని పదార్థాలో, విష పదార్థాలో ఆ నీటిలో ఉన్నాయని అనుమానించాలి. అప్పుడు ముందుగా రసాయనిక శుద్ధి అవసరమవుతుంది.

పరిమాణం లెక్కించుట

లక్ష జనాభా గల ఒక పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చును. తలకు రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క కడితే రోజుకు 1.08 కోట్ల లీటర్లు, అనగా 10.8 ఎం.ఎల్.డి. అవుతుంది. బి.ఓ.డి. లీటరుకు 250 మిల్లీగ్రాములైతే రోజుకు 2,700 కిలోల మాలిన్య భారం కేంద్రానికి చేరుతుంది.

ఈ నీరు రోజంతా సమానంగా రాదు. సగటున గంటకు 4.5 లక్షల లీటర్లు వస్తే, జనం స్నానాలు, వంటపనులు చేసుకొనే ఉదయపు వేళ ఇంత పట్టణంలో దానికి 2.25 రెట్లు, అనగా 10 లక్షల లీటర్లకు పైగా రావచ్చును. అర్ధరాత్రి దాటిన తరువాత ప్రవాహం చాలా తగ్గుతుంది. కావున పంపులు, జాలీలు, ఇసుక తొట్టెలు గరిష్ఠ ప్రవాహాన్ని తట్టుకోవాలి, కనిష్ఠ ప్రవాహం వద్ద కూడా ఆగకుండా పనిచేయాలి. ఒకే పెద్ద పంపుకు బదులు మూడు నాలుగు చిన్న పంపులను, వాటికి తోడుగా ఒక అదనపు పంపును అమర్చడానికి కారణం ఇదే.

సాధారణంగా కట్టడాలను 30 ఏళ్ళ అవసరానికి, యంత్రాలను 15 ఏళ్ళ అవసరానికి రూపొందిస్తారు. ముప్పై ఏళ్ళ తరువాతి జనాభాకు సరిపడే తొట్టెలన్నీ మొదటే కట్టి, వీధి కాలువలను మాత్రం కేంద్రానికి కలపకపోతే, యంత్రాలు ఖాళీగా తుప్పు పడతాయి. సామర్థ్యాన్ని భాగాలుగా విభజించి దశలవారీగా పెంచుకోవడం మేలు.

నీరు చేరే చోటు, ప్రమాణాలు

శుద్ధి ఎంతవరకు చేయాలన్నది నీరు చేరే చోటును బట్టి ఉంటుంది. 1986 నాటి పర్యావరణ (పరిరక్షణ) నియమాల సాధారణ ప్రమాణాల ప్రకారం నదులు, చెరువులలోనికి వదిలే నీటిలో బి.ఓ.డి. లీటరుకు 30 మిల్లీగ్రాములు, సేద్యానికి భూమి మీదకు వదిలే నీటిలో 100 మిల్లీగ్రాములు మించరాదు. 2017లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ నగర మురుగునీటి కేంద్రాలకు విడిగా ప్రమాణాలు ప్రకటించింది. మహానగరాలలో బి.ఓ.డి. 20, ఇతర చోట్ల 30 మించరాదని, మలసంబంధ కోలిఫారం 100 మిల్లీలీటర్లకు 1,000 కంటే తక్కువ ఉండాలని అందులో పేర్కొన్నది. 2019లో జాతీయ హరిత న్యాయస్థానం ఇంకా కఠినంగా బి.ఓ.డి. 10, మొత్తం నత్రజని 10, భాస్వరం 1 మిల్లీగ్రాము అనే పరిమితులను ఆదేశించింది.

బి.ఓ.డి. 30 అయితే చాలునన్న రోజులలో రూపొందించిన కేంద్రం, నత్రజనిని కూడా తొలగించవలసి వచ్చినప్పుడు చాలదు. అందువలన ఎంపిక చేసేటప్పుడు నేటి నియమంతోబాటు, రేపు నియమం కఠినమైతే ఆ కేంద్రానికి మరొక దశను జోడించే స్థలం, వీలు ఉన్నాయా అన్నది కూడా చూడాలి. శుద్ధి చేసిన నీటికి కొనుగోలుదారు ఉన్నప్పుడు లెక్క వేరుగా ఉంటుంది. చెన్నైలో కొడుంగైయూర్, కోయంబేడు వద్ద 2019లో ఒక్కొక్కటి 45 ఎం.ఎల్.డి. సామర్థ్యంతో మొదలైన తృతీయ శుద్ధి కేంద్రాలు సూక్ష్మ వడపోత, ఆర్.ఓ. పద్ధతులతో నగర మురుగునీటిని పరిశ్రమలకు పనికివచ్చే నీరుగా మారుస్తాయి. వదిలివేసే నీటికి అంత ఖర్చు పెట్టనవసరం లేదు.

శుద్ధి దశలు, యంత్రాలు

1. ప్రాథమిక ఏర్పాట్లు: ముందుగా కడ్డీల జాలీలు గుడ్డపేలికలను, ప్లాస్టిక్ సంచులను, కొమ్మలను ఆపుతాయి. తరువాత ఇసుక తొట్టిలో నీటి వేగాన్ని సెకనుకు సుమారు 0.3 మీటర్లకు తగ్గిస్తే ఇసుక అడుగుకు చేరుతుంది, తేలికైన సేంద్రియ పదార్థం ముందుకు సాగిపోతుంది. ఈ దశను చిన్నచూపు చూడరాదు. ఇక్కడ ఆగని పేలికలు పంపులకు చుట్టుకుంటాయి, ఇసుక పంపుల రెక్కలను అరగదీసి తొట్టెలను పూడ్చివేస్తుంది. పొరల పద్ధతికి ఒకటి నుండి మూడు మిల్లీమీటర్ల సందులు గల సన్నని జాలీలు కావాలి.

2. ప్రథమ శుద్ధి: తేర్చు తొట్టిలో నీరు రెండు మూడు గంటలు నిలుస్తుంది. వేలాడే ఘనపదార్థాలలో సగానికి పైగా, బి.ఓ.డి.లో మూడవ వంతు ఇక్కడే తొలగిపోతాయి. ఇందుకు విద్యుత్తు అంతగా అవసరం లేదు.

3. ద్వితీయ శుద్ధి: కరిగి ఉన్న సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులచేత తినిపించే దశ. పద్ధతుల మధ్య ముఖ్యమైన తేడాలన్నీ ఈ దశలోనే ఉంటాయి.

4. తృతీయ శుద్ధి: ఇసుక వడపోత, భాస్వరం తొలగింపు, క్రిమిసంహారం ఇందులోనివి. క్లోరిన్ చవక, వాడకం సులభం. అయితే మిగిలిపోయిన క్లోరిన్ చేపలకు హాని చేస్తుంది. అతినీలలోహిత కిరణాలతో ఆ ఇబ్బంది లేదు గాని, నీరు తేటగా లేకపోతే కిరణాలు క్రిములను చేరలేవు. కావున ముందు దశలు సరిగా నడవని చోట ఖరీదైన దీపాలు అమర్చినా ఫలితం ఉండదు.

ద్వితీయ శుద్ధి పద్ధతుల పోలిక

* స్థిరీకరణ కుంటలు: వరుసగా తవ్విన కుంటలలో నీటిని రోజుల తరబడి నిలిపితే నాచు ఆమ్లజనిని అందిస్తుంది, బాక్టీరియాలు మాలిన్యాన్ని తింటాయి, ఎండ వలన రోగక్రిములు నశిస్తాయి. యంత్రాలు, విద్యుత్తు దాదాపు అక్కరలేదు. స్థలం మాత్రం ఒక్కో ఎం.ఎల్.డి.కి సుమారు ఒక హెక్టారు, కొన్నిచోట్ల అంతకు మించి కావాలి. చవకగా భూమి దొరికే చిన్న పట్టణాలకు ఇది అనుకూలం. కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్లలో విస్తరించిన చిత్తడి నేలలలో నగర మురుగునీటితో చేపల పెంపకం, సేద్యం సాగుతున్నాయి. 2002లో ఈ ప్రాంతాన్ని రామ్‌సార్ జాబితాలో చేర్చారు.

* బిందు వడపోత: విద్యుత్తు తక్కువ, నిర్వహణ సులభం. ఈగలు, వాసన దీని లోపాలు.

* ఉత్తేజిత బురద పద్ధతి: తొట్టిలో గాలి పట్టిస్తూ సూక్ష్మజీవుల గుంపులను పెంచి, తరువాతి తొట్టిలో వాటిని తేర్చి, కొంత భాగాన్ని తిరిగి మొదటి తొట్టికి పంపుతారు. శతాబ్దానికి పైగా అనుభవం ఉన్న పద్ధతి. బి.ఓ.డి.ని 90 శాతం పైగా తొలగిస్తుంది. విద్యుత్తు నిరంతరం ఉండాలి. చాలా గంటలపాటు గాలి ఆగితే సూక్ష్మజీవులు దెబ్బతిని, తిరిగి కోలుకోవడానికి రోజులు పడుతుంది.

* యు.ఎ.ఎస్.బి.: మురుగునీరు అడుగు నుండి పైకి బురద పొర గుండా ప్రవహిస్తుంది. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు మాలిన్యాన్ని మీథేన్ వాయువుగా మారుస్తాయి. విద్యుత్తు, బురద రెండూ తక్కువ. వెచ్చని వాతావరణం కావాలి. గృహాల మురుగునీటిలో బి.ఓ.డి. 60 నుండి 75 శాతం మాత్రమే తగ్గుతుంది గనుక దీని తరువాత మరొక దశ తప్పనిసరి. పలుచని మురుగునీటిలో పుట్టిన మీథేన్ కొంత నీటిలోనే కరిగి బయటకు పోతుంది. నత్రజని తొలగదు.

* ఎస్.బి.ఆర్.: ఒకే తొట్టిలో నింపడం, గాలి పట్టించడం, తేర్చడం, పైనీటిని తీయడం అనే పనులు వంతులవారీగా జరుగుతాయి. కుంటలకు కావలసిన స్థలంలో పదవ వంతు వంటి స్వల్ప స్థలం చాలు. నత్రజని, భాస్వరం కూడా తొలగించవచ్చును. కవాటాలు, కొలిచే పరికరాలు, కంప్యూటరు నియంత్రణ అన్నీ సరిగా ఉండాలి. వాటిని బాగుచేయగల సిబ్బంది లేని చోట ఇబ్బంది కలుగుతుంది.

* ఎం.బి.బి.ఆర్.: తొట్టిలో తేలియాడే ప్లాస్టిక్ బిళ్ళలకు సూక్ష్మజీవులు అంటుకొని పెరుగుతాయి. స్థలం తక్కువ. గృహసముదాయాలలో, పాత కేంద్రాల సామర్థ్యాన్ని పెంచడంలో దీనిని ఎక్కువగా వాడతారు.

* ఎం.బి.ఆర్.: తేర్చు తొట్టికి బదులు అతి సన్నని రంధ్రాల పొరల గుండా నీటిని పీలుస్తారు. నీరు మిక్కిలి తేటగా వస్తుంది. పొరలను తరచు కడగాలి, కొన్నేళ్ళకొకసారి మార్చాలి. విద్యుత్తు ఖర్చు ఎక్కువ. నీటిని తిరిగి వాడుకొనే చోట, స్థలం కొరత ఉన్న చోట ఇది తగినది.

గాలి యంత్రాలు, విద్యుత్తు ఖర్చు

గాలి పట్టించే కేంద్రాలలో విద్యుత్తు ఖర్చులో పెద్ద భాగం ఈ గాలికే అవుతుంది. పైన చెప్పిన లక్ష జనాభా పట్టణంలో బి.ఓ.డి.ని 250 నుండి 10కి తగ్గించాలంటే రోజుకు దాదాపు 2,600 కిలోల బి.ఓ.డి. తొలగించాలి. ఒక్కో కిలోకు ఒక కిలో ఆమ్లజని అనుకుంటే 2,600 కిలోలు కావాలి. అమ్మోనియా రూపంలోని నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి కిలోకు 4.57 కిలోల ఆమ్లజని పడుతుంది. లీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున 432 కిలోల నత్రజనికి మరో 1,970 కిలోలు అవసరం. మొత్తం 4,500 కిలోలు దాటుతుంది. ప్రమాణం కఠినమైతే ఆమ్లజని అవసరం మూడింట రెండు వంతులకు పైగా పెరుగుతుందన్నమాట. నైట్రేటును నత్రజని వాయువుగా మార్చే దశను చేర్చితే ఇందులో కొంత ఆదా అవుతుంది.

నీటిని పైనుండి చిలికే యంత్రాలు పని పరిస్థితులలో యూనిట్ విద్యుత్తుకు సుమారు 1.2 కిలోల ఆమ్లజనిని, అడుగున అమర్చిన సన్నని బుడగల డిఫ్యూజర్లు సుమారు 2 కిలోలను నీటికి అందిస్తాయనుకుంటే, రోజుకు తేడా 1,500 యూనిట్లు. యూనిట్ 7 రూపాయల చొప్పున ఏడాదికి ఇది 38 లక్షల రూపాయలు. అయినా డిఫ్యూజర్లే ఎల్లప్పుడూ మేలని చెప్పరాదు. వాటి రబ్బరు పొరలు మూసుకుపోతాయి. నూనె, సున్నం ఎక్కువగా ఉన్న పారిశ్రామిక నీటిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. వాటిని కడగడానికి తొట్టిని ఖాళీ చేయవలసి వస్తే, రెండవ తొట్టి లేని చోట శుద్ధి ఆగిపోతుంది. పైనుండి చిలికే యంత్రాన్ని స్థానిక మెకానిక్కు బాగుచేయగలడు.

కొనుగోలు ధర తక్కువ ఉన్న యంత్రం పదిహేనేళ్ళ విద్యుత్తు, విడిభాగాలు, రసాయనాలు కలిపితే ఖరీదైనదిగా తేలవచ్చును. అందుకే టెండర్లలో జీవితకాల వ్యయాన్ని పోల్చాలి. 2014లో మొదలైన నమామి గంగే పథకంలో అనుసరించిన ఒక విధానంలో గుత్తేదారుకు నిర్మాణ కాలంలో 40 శాతం చెల్లించి, మిగిలిన 60 శాతాన్ని కేంద్రం పనితీరును బట్టి 15 ఏళ్ళలో చెల్లిస్తారు. దీని వలన కట్టినవారికే నడిపే బాధ్యత కూడా ఉంటుంది.

పారిశ్రామిక వ్యర్థజలాలు

గృహాల మురుగునీరు ఏ ఊరిలోనైనా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. పరిశ్రమల నీరు అలా కాదు. ఒకే కర్మాగారంలో ఉదయం ఆమ్లం, సాయంత్రం క్షారం రావచ్చును. అందుచేత మొదట సమీకరణ తొట్టిలో నీటిని కలిపి, హెచ్చుతగ్గులను సర్ది, ఆమ్ల క్షార గుణాన్ని తటస్థం చేస్తారు. తరువాత పరిశ్రమను బట్టి పద్ధతి మారుతుంది.

* పాల కేంద్రాలు, ఆహార పరిశ్రమలు: కొవ్వును తేల్చి తీసి, ఆపై సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తారు.
* డిస్టిలరీలు: వీటి నీటిలో సి.ఓ.డి. లీటరుకు లక్ష మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. నేరుగా గాలి పట్టిస్తే ఖర్చు భరించలేనిదవుతుంది. ముందు గాలి లేని డైజెస్టరులో మీథేన్ తీస్తారు.
* లోహపు పూత పరిశ్రమలు: విషపూరితమైన ఆరు సంయోజకత గల క్రోమియంను ఆమ్ల స్థితిలో మూడు సంయోజకత గల రూపానికి మార్చి, సున్నంతో అవక్షేపంగా దించుతారు. సూక్ష్మజీవుల పద్ధతి ఇక్కడ పనికిరాదు.
* ఔషధ, రసాయన పరిశ్రమలు: ద్రావణులను వేరుచేసి, లవణాలు ఎక్కువ ఉన్న నీటిని బహుళ దశల ఆవిరి యంత్రాలలో మరిగిస్తారు. తక్కువ గాఢత గల నీటిని మాత్రమే సూక్ష్మజీవుల తొట్టికి పంపుతారు. గాఢమైన నీటిని, పలుచని నీటిని మొదటే వేర్వేరు గొట్టాలలో తీసుకోవడం ఇక్కడ ఏ యంత్రం కన్నా ముఖ్యం.

సూక్ష్మజీవులకు పోషకాలు కూడా కావాలి. బి.ఓ.డి., నత్రజని, భాస్వరం 100:5:1 నిష్పత్తిలో ఉండాలని వాడుక. నత్రజని, భాస్వరం లోపించిన పారిశ్రామిక నీటికి యూరియా, ఫాస్ఫేటు కలుపుతారు.

కొన్ని అనుభవాలు

కాన్పూరు: గంగా కార్యాచరణ ప్రణాళికలో భాగంగా నెదర్లాండ్స్ సహకారంతో 1994లో కాన్పూరులోని జాజ్మవూ వద్ద 36 ఎం.ఎల్.డి. యు.ఎ.ఎస్.బి. కేంద్రాన్ని నెలకొల్పారు. తోళ్ళ పరిశ్రమల నీరు 9 ఎం.ఎల్.డి.కి గృహాల మురుగు 27 ఎం.ఎల్.డి. కలిపి శుద్ధి చేయాలన్నది యోచన. ప్రతి పరిశ్రమ తన క్రోమియంను తన ఆవరణలోనే వేరుచేయాలన్నది ఈ పద్ధతికి ఆధారం. క్రోమియం కేంద్రానికి చేరినప్పుడు అది నశించదు. బురదలోను, సేద్యానికి వెళ్ళే నీటిలోను మిగులుతుంది. తోళ్ళ నీటిలోని సల్ఫేటు గాలి లేని తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడుగా మారి, మీథేన్ ఉత్పత్తిని తగ్గించి, లోహాన్ని, కాంక్రీటును తినివేస్తుంది. తరువాతి కాలంలో నమామి గంగే పథకం కింద తోళ్ళ పరిశ్రమకు విడిగా కేంద్రాన్ని చేపట్టారు.

తిరుప్పూరు: తమిళనాడులోని ఈ అద్దకపు కేంద్రం నుండి ఉప్పునీరు నొయ్యల్ నదిలోకి చేరి, సేద్యం కోసం 1992లో కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్టలో నిలిచింది. రంగును రసాయనాలతో విరిచినా కరిగిన ఉప్పు పోదు. 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానం అద్దకం పరిశ్రమలను మూసివేయవలసిందిగా ఆదేశించింది. ఆపై బొట్టు నీరు కూడా బయటకు వదలని పద్ధతి, అనగా ఆర్.ఓ., ఆవిరి యంత్రాల కలయిక అక్కడ స్థిరపడింది. నీరు, కొంత ఉప్పు తిరిగి వాడుకకు వస్తాయి. అయితే ఇంధన ఖర్చు ఎక్కువ, చివరకు మిగిలే మిశ్రమ లవణాలను భద్రపరచడం మరొక సమస్య.

పటాన్‌చెరు: హైదరాబాదుకు సమీపంలోని పటాన్‌చెరు సామూహిక శుద్ధి కేంద్రానికి సుమారు 90 ఔషధ పరిశ్రమల నీరు చేరేది. అక్కడ ముఖ్యంగా వాడినది సూక్ష్మజీవుల పద్ధతి. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, శుద్ధి అయి బయటకు వచ్చిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. బాక్టీరియాలను చంపడానికి తయారైన మందును బాక్టీరియాలచేత తినిపించబూనడంలోని చిక్కు ఇక్కడ స్పష్టమవుతుంది. మందును తట్టుకొన్న బాక్టీరియాలే మిగిలి వృద్ధి చెందుతాయి. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరా నది వైపు సాగి, దారిలోని గ్రామాల పొలాలను, బావులను కలుషితం చేసింది. 2000ల దశాబ్దం చివరలో ఈ నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టం ద్వారా హైదరాబాదు మురుగు వ్యవస్థకు, అక్కడి నుండి అంబర్‌పేట కేంద్రానికి మళ్ళించారు. నగర మురుగుతో కలిస్తే గాఢత తగ్గుతుందే గాని, సూక్ష్మజీవులు తినని పదార్థం తగ్గదు.

హైదరాబాదు నగర కేంద్రాలు

జాతీయ నదుల పరిరక్షణ ప్రణాళిక కింద మూసీ నది కోసం 2000ల దశాబ్దంలో హైదరాబాదులో నాలుగు కేంద్రాలు నిర్మించారు. అంబర్‌పేట (339 ఎం.ఎల్.డి.), నాగోలు (172), అత్తాపూర్ (51), నల్లచెరువు (30) కలిసి 592 ఎం.ఎల్.డి. వీటిలో పెద్దవైన అంబర్‌పేట, నాగోలు కేంద్రాలకు యు.ఎ.ఎస్.బి. పద్ధతిని ఎంచుకొన్నారు. వెచ్చని వాతావరణం, విద్యుత్తు ఆదా, నది ఒడ్డున తగినంత స్థలం దృష్ట్యా ఆనాటి ప్రమాణాలకు అది అర్థవంతమైన ఎంపిక. అంబర్‌పేటలో దాని తరువాత గాలి పట్టించే కుంటలు, తేర్చే కుంటలు చేర్చారు.

2021లో మంజూరైన 31 కొత్త కేంద్రాలకు (మొత్తం 1,259.5 ఎం.ఎల్.డి.) ఎస్.బి.ఆర్. పద్ధతిని ఎంచుకొన్నారు. భూమి ధర పెరగడం, ప్రమాణాలు కఠినం కావడం, చెరువులకు చేరే నత్రజని, భాస్వరాలను తగ్గించవలసి రావడం ఈ పద్ధతికి అనుకూలించే అంశాలు. ఇవి 2023 నుండి క్రమంగా వాడుకలోకి వచ్చాయి. ఒకే నగరంలో రెండు దశాబ్దాల లోపునే ఎంపిక మారడం, మొదటిది తప్పని గాక, పరిస్థితులు మారాయని సూచిస్తుంది.

బురద

శుద్ధిలో తొలగిన మాలిన్యంలో చాలా భాగం చివరకు బురదగా మిగులుతుంది. బురదకు దారి చూపని పద్ధతి సగం పద్ధతే. సేద్యానికి ఎరువుగా వాడాలంటే అందులో భార లోహాలు ఉండరాదు. కావున పరిశ్రమల నీటిని నగర కాలువలో కలపడం ఎరువును కూడా చెడగొడుతుంది. నీటిని పిండడానికి ఇసుక మడులు (స్థలం ఎక్కువ, ఖర్చు తక్కువ, వర్షాకాలంలో ఆరవు), సెంట్రిఫ్యూజులు (స్థలం తక్కువ, విద్యుత్తు ఎక్కువ), ఫిల్టర్ ప్రెస్సులు (బురద బాగా గట్టిపడుతుంది, వంతులవారీగా నడుస్తాయి) ఉన్నాయి. పెద్ద కేంద్రాలలో డైజెస్టర్ల ద్వారా వచ్చే మీథేన్‌తో కేంద్రానికి కావలసిన విద్యుత్తులో కొంత తయారు చేయవచ్చును.

సిబ్బంది భద్రత

పంపుల బావులలో, మూసిన తొట్టెలలో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండానే ప్రాణం తీస్తుంది. దిగినవారిని రక్షించబోయి మరొకరు చనిపోయిన సంఘటనలు దేశంలో అనేకం. 2013 నాటి చట్టం రక్షణ పరికరాలు లేకుండా మనుషులను మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి దించడాన్ని నిషేధించింది. పంపును గొలుసుతో పైకి లాగి బాగుచేసే ఏర్పాటు, పైనుండే శుభ్రం చేయగల యాంత్రిక జాలీ, వాయువును కొలిచే పరికరం అదనపు హంగులు కావు, ఎంపికలో తప్పనిసరి షరతులు.

ఎంపిక క్రమం

1. కనీసం వేర్వేరు రుతువులలో, రోజులోని వేర్వేరు వేళలలో నీటిని పరీక్షించాలి.
2. పారిశ్రామిక నీరు కలుస్తున్నదేమో చూసి, కలుస్తుంటే దానిని పుట్టిన చోటనే వేరుచేయాలి.
3. నీరు, బురద చివరకు చేరే చోటును, వాటికి వర్తించే ప్రమాణాలను నిర్ణయించాలి.
4. స్థలం, విద్యుత్తు సరఫరా, స్థానికంగా దొరికే నైపుణ్యం, విడిభాగాలను లెక్కలోకి తీసుకోవాలి.
5. ఈ పరీక్షలలో నిలిచిన రెండు మూడు పద్ధతుల జీవితకాల వ్యయాలను పోల్చాలి.
6. పారిశ్రామిక నీటికి చిన్న నమూనా కేంద్రాన్ని కొన్ని నెలలు నడిపి చూసిన తరువాతనే పెద్ద కేంద్రం కట్టాలి.
7. నిర్వహణకు ఏటా అయ్యే ఖర్చును ఎవరు, ఏ పన్ను లేదా రుసుము ద్వారా భరిస్తారో కట్టకముందే తేల్చాలి.

వీటిలో ఏడవది యంత్రానికి సంబంధించినది కాదు. అయినా విద్యుత్తు బిల్లు కట్టలేని పురపాలక సంఘంలో పద్ధతి ఏదైనా, యంత్రం ఎంత మంచిదైనా, మురుగునీరు కేంద్రం పక్క నుండే కాలువలోకి పోతుంది.